పాడకుండా ఉండే హక్కు

2017 జూన్ 30 రాత్రి ఇంగ్లిష్ గాయని అడెల్ ఒక ప్రకటన చేసింది. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మర్నాడు, ఆ మర్నాడు జరగాల్సిన రెండు కచేరీలను రద్దు చేస్తున్నానని దాని సారాంశం. 2016 ఫిబ్రవరిలో మొదలైన ఆమె ప్రపంచ టూరు ఆ రెండు రాత్రులతో ముగియాలి. జూన్ 28న, 29న అదే స్టేడియంలో రాత్రికి తొంభై వేల మందికి పైగా జనం ముందు పాడింది. ఆ రెండు రాత్రులూ గొంతు సహకరించలేదనీ, మామూలు కంటే బలంగా నెట్టి పాడాల్సి వచ్చిందనీ, సాయంత్రం డాక్టరుకు చూపించుకుంటే స్వరతంత్రులు దెబ్బతిన్నాయని తేలిందనీ, ఇక పాడే వీలే లేదన్నారనీ అభిమానులకు రాసింది. రికార్డు వేసి పెదవులు మాత్రం కదుపుదామా అన్న ఆలోచన కూడా వచ్చిందట. కానీ శ్రోతలకు అలాంటి పని చేయలేనని ఆ ప్రకటనలోనే చెప్పేసింది. టికెట్ డబ్బు వెనక్కి ఇచ్చే ఏర్పాటు జరిగింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా కొందరు అయ్యో పాపం అంటారు. మరికొందరు, ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే పోయేదిగా అంటారు. జాలిలోనూ విసుగులోనూ ఉన్నది ఒకే నమ్మకం: పాడటమా మానడమా అన్నది గాయకురాలి మనోబలానికి సంబంధించిన సంగతని. గొంతు పాడైనా వేదిక ఎక్కినవాళ్లను వీరులుగా, ఎక్కనివాళ్లను సుకుమారులుగా చూడటం ఆ నమ్మకం నుంచే వచ్చింది. ఈ నమ్మకం తప్పని నా వాదన. కచేరీ ముందు సాయంత్రం ఆ నిర్ణయం తీసుకోవడానికి అందరికంటే తక్కువ ఆధారం ఉన్న మనిషి పాడబోయే మనిషే. ధైర్యం చాలక కాదు, గొంతు లోపల ఏం జరుగుతోందో ఆమెకు సరిగా తెలియదు గనక. కాబట్టి పాడకుండా ఉండే వీలు ముందే ఉండాలి. టూరు తేదీలు వేసుకునేటప్పుడు, ఒప్పందం రాసుకునేటప్పుడు కల్పించాల్సిన వీలు అది. ఆఖరి గంటలో గాయకురాలి గుండెదిటవు మీద వదిలేయాల్సింది కాదు.

ఆమెకు ఎందుకు తెలియదో అర్థం కావాలంటే స్వరపేటిక లోపలికి చూడాలి. అక్కడ ఎదురెదురుగా రెండు చిన్న మడతలుంటాయి. ఆడవాళ్లలో సెంటీమీటరు పైచిలుకు పొడవు, మగవాళ్లలో దాదాపు రెండు సెంటీమీటర్లు. వాటినే స్వరతంత్రులంటున్నాం. ఊపిరి పీల్చేటప్పుడు విడివడి దారి ఇస్తాయి. పలికేటప్పుడు దగ్గరికి వచ్చి, కింద నుంచి వచ్చే గాలికి అదురుతాయి. 1970లలో మినోరు హిరానో అనే జపాన్ వైద్యుడు వాటి నిర్మాణాన్ని పొరలుపొరలుగా విప్పి చెప్పాడు. అడుగున కండరం, దాని మీద బిగువైన నార, అన్నిటికీ పైన అతి పలుచని పైపొర. నారకూ పైపొరకూ మధ్య మెత్తని జిగట పదార్థం పల్చగా పరుచుకుని ఉంటుంది. స్వరంలో మనం నునుపు అనేదీ, గమకంలో తెగకుండా సాగే గుణమూ చాలావరకు ఆ జిగట పొర పుణ్యమే. అది వదులుగా ఉన్నంతసేపూ పైపొర అలలా కదులుతుంది. అది గట్టిపడిన చోట అల ఆగిపోతుంది, స్వరం విరుగుతుంది. మామూలు మాటల్లో ఆడవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు తాకుతాయి. పాట పైస్థాయికి వెళ్లే కొద్దీ అది 400 దాటి, 500 దాటి పోతుంది. గంటన్నర కచేరీలో గాయని గొంతు నిజంగా పలికే సమయం అరగంటే అనుకుందాం. సెకనుకు 400 చొప్పున లెక్కేసినా, ఒక్క రాత్రికి 7,20,000 తాకిళ్లు. గోరంత జాగాలో ఇంత పని చేసే కండ మన ఒంట్లో ఇంకెక్కడా లేదనే అనిపిస్తుంది నాకు.

ఈ తాకిళ్లు రోజుల తరబడి ఒకే చోట పడుతుంటే అక్కడ రెండు వైపులా చిన్న బుడిపెలు లేస్తాయి. పలుగు, పార పట్టిన అరచేతుల్లో కాయలు కాసినట్టే. వీటి మీద కత్తి పెట్టాల్సిన అవసరం తరచుగా ఉండదు. గొంతు వాడే పద్ధతి మార్చుకుంటే, శిక్షణతో, విశ్రాంతితో చాలావరకు తగ్గుతాయి. రక్తస్రావం సంగతి వేరు. స్వరతంత్రుల్లో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలుంటాయి. బలంగా నెట్టినప్పుడు, ఒక్కోసారి గట్టిగా దగ్గినప్పుడు కూడా, వాటిలో ఒకటి చిట్లుతుంది. రక్తం ఆ జిగట పొరలోకి పాకుతుంది. స్వరం ఉన్నట్టుండి బొంగురుపోతుంది, లేదా పైస్థాయి మొత్తం మాయమవుతుంది. వెంటనే పూర్తి మౌనం పాటిస్తే చాలామందిలో ఆ రక్తం ఒకటి రెండు వారాల్లో ఇంకిపోతుంది. మౌనం అంటే గుసగుసలు కూడా ఆడకుండా. దాని మీదే పాడితే మాత్రం మళ్లీ చిట్లవచ్చు, రక్తం గడ్డకట్టి పాలిప్ అనే గుబ్బ కావచ్చు, లేదా జిగట పొర ఎండి మచ్చ కట్టవచ్చు. గొంతు నిపుణులు రక్తస్రావం కనబడగానే మరో మాట లేకుండా పాట ఆపించేది ఇందుకే.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఇంత జరుగుతున్నా ఎక్కువ సందర్భాల్లో నొప్పి ఉండదు. చీలమండ బెణికిన నాట్యకత్తె అడుగు వేయలేదు. నరం చిట్లిన గాయని పాట మొదలుపెట్టగలదు. స్వరం కొంచెం మొండికేస్తే ఇంకాస్త గాలి నెట్టి, మెడ కండరాలు బిగించి ఆ లోటు పూడ్చుకుంటుంది. అనుభవం ఎంత ఎక్కువుంటే ఈ పూడ్చుకునే నేర్పు అంత ఎక్కువ. అంటే గొప్ప గాయనికే ఆ దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది. పైగా వేదిక మీద ఒళ్లంతా ఉద్రేకంతో ఉంటుంది, వాద్యాల హోరులో తన గొంతు తనకే సరిగా వినబడదు, ఎదుట వేలమంది తనతో కలిసి పాడుతుంటారు. ఈ స్థితిలో నేను బాగానే ఉన్నాను అని ఆమె చెప్పే మాటలో అబద్ధం లేకపోవచ్చు. కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం, లోపల కంటితో చూడాల్సిందే. స్వరతంత్రులను అద్దంతో చూడవచ్చని 1854లో కనిపెట్టినవాడు కూడా వైద్యుడు కాదు, మాన్యువల్ గార్సియా అనే సంగీత గురువు. సూర్యకాంతినీ చిన్న అద్దాలనూ వాడి తన గొంతులోకి తానే చూసుకున్నాడు. చెవి ఎంత నేర్చినదైనా కన్ను చెప్పేది చెవి చెప్పలేదని ఆయనకు అప్పుడే అర్థమై ఉండాలి. ఇవాళ అదే పని స్ట్రోబోస్కోపీ చేస్తోంది. అదురు వేగానికి కొద్దిగా తేడాగా వెలుగును మిణుకుమిణుకుమనిపించి, సెకనుకు వందల సార్లు జరిగే కదలికను తెర మీద నింపాదిగా చూపిస్తుంది. ఆ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు.

నొప్పి లేకపోవడానికి తోడు మందులు కూడా దెబ్బను కప్పేస్తాయి. కచేరీకి ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే వాపు తగ్గి గొంతు కొన్ని గంటల పాటు తేటగా పలుకుతుంది. సంగీత ప్రపంచంలో ఇది ఏళ్ల తరబడి మామూలైపోయింది. జలుబుతో వచ్చిన కొద్దిపాటి వాపైతే, డాక్టరు లోపల చూసి ఇస్తే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చూడకుండా ఇస్తే మాత్రం, ఆగమని చెప్పగల ఒకే ఒక్క సూచన, అంటే గొంతు బొంగురు, అదీ చెరిగిపోతుంది. ఒళ్లు నొప్పులకని మింగే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించి, చిట్లిన నరం నుంచి కారేదాన్ని పెంచుతాయి. మన ఇళ్లలో గొంతు అనగానే గుర్తొచ్చే మిరియాల పాలు, బుగ్గన పెట్టుకునే కరక్కాయ, అతిమధురం, పటికబెల్లం నోటికీ గొంతు వెనక భాగానికీ హాయినిస్తాయి, కాదనను. కానీ అవేవీ స్వరతంత్రులను తాకవు. మింగినదంతా అన్నవాహికలోకి పోతుంది. ఒక్క చుక్క దారితప్పి స్వరపేటిక మీద పడితే పొలమారుతుంది, ఉక్కిరిబిక్కిరై దగ్గుతాం. అక్కడికి చేరగలిగింది గాలి ఒక్కటే, గాలిలో కలిసిన ఆవిరి ఒక్కటే. ఒంట్లో నీటి పాళ్లు చాలినంత ఉండటం వల్ల కలిగే మేలు కూడా రక్తం ద్వారా, నెమ్మదిగా చేరేదే.

ఇంత తెలిశాక అడెల్ 2011 నాటి కథను మళ్లీ చూడాలి, ఎందుకంటే దాన్ని జనం తలకిందులుగా గుర్తుపెట్టుకున్నారు. ఆ ఏడాది జనవరిలో ట్వంటీవన్ ఆల్బమ్ వచ్చింది. అది ప్రపంచమంతా అమ్ముడవుతుండగా ఆమె ఊరూరా తిరుగుతూ పాడుతోంది. ఏడాది మొదట్లోనే గొంతు ఇబ్బంది పెట్టింది. వేసవి ముందు అమెరికా టూరును మధ్యలో ఆపాల్సి వచ్చింది. కొంత విశ్రాంతి తర్వాత మళ్లీ పాడింది. సెప్టెంబరు 22న లండన్‌ రాయల్ ఆల్బర్ట్ హాలులో ఇచ్చిన కచేరీని చిత్రీకరించి విడుదల చేశారు కూడా. అది జరిగిన కొద్ది రోజులకే, అక్టోబరులో, మళ్లీ రక్తస్రావమైందని మిగిలిన కచేరీలన్నీ రద్దయ్యాయి. నవంబరులో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ స్టీవెన్ జైటెల్స్ ఆమెకు సూక్ష్మ శస్త్రచికిత్స చేశారు. ఒక పాలిప్ నుంచి పదేపదే రక్తం కారుతోందని ఆసుపత్రి ప్రకటించింది. 2012 ఫిబ్రవరి 12న గ్రామీ వేదిక మీద ఆమె మళ్లీ నిలబడి పాడింది. ఆ రాత్రి ఆరు గ్రామీలు అందుకుంది.

ఈ కథలో జనానికి గుర్తున్నది చివరి రాత్రి. దెబ్బతిన్నా పాడింది, ఆపరేషన్ చేయించుకుంది, ఇంకా గొప్పగా తిరిగొచ్చింది అన్నది లోకం నేర్చుకున్న పాఠం. నాకు ఆ ఏడాది నడిమి నెలలే ముఖ్యంగా తోస్తాయి. దెబ్బ, విశ్రాంతి, మళ్లీ పాట, మళ్లీ దెబ్బ: ఈ వరస జరిగింది గనకే కత్తి అవసరమైంది. అమ్ముడుపోయిన టికెట్లూ, వాయిదా పడి కొత్త తేదీలకు మారిన కచేరీలూ, ఊపులో ఉన్న ఆల్బమూ ఆమెను మళ్లీమళ్లీ వేదిక వైపు నెట్టాయి. ఆమె పాడాలనే కోరుకుని ఉంటుంది, అందులో సందేహం లేదు. ఏ ఇరవై మూడేళ్ల గాయని కోరుకోదు? ఆ కోరికకు ఎదురుగా నిలబడి ఆగమని చెప్పే ఏర్పాటు ఏదీ ఆ టూరులో లేకపోవడమే నా అభ్యంతరం.

శస్త్రచికిత్స ఉందిగా, ఇక భయమెందుకు అని అడిగేవాళ్లకు జూలీ ఆండ్రూస్ పేరు గుర్తు చేయాలి. మేరీ పాపిన్స్, ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ సినిమాల్లో ఆమె గొంతు విననివాళ్లు తక్కువ. 1995 అక్టోబరు నుంచి బ్రాడ్‌వేలో విక్టర్ విక్టోరియా అనే సంగీత నాటకంలో నటిస్తూ, పాడుతూ వచ్చింది. బ్రాడ్‌వే ఆనవాయితీ వారానికి ఎనిమిది ప్రదర్శనలు. గొంతు దెబ్బతిని 1997లో శస్త్రచికిత్స చేయించుకుంది. ఆ తర్వాత వెనకటి గొంతు తిరిగి రాలేదు. కోర్టుకెళ్లింది, 2000లో రాజీ కుదిరింది. అడెల్‌కు శస్త్రచికిత్స చేసిన జైటెల్సే తర్వాతి కాలంలో ఆండ్రూస్‌కూ చికిత్స చేశారు. అయినా ఒకసారి పోయిన మెత్తని పొరను మళ్లీ పుట్టించే విద్య ఎవరి దగ్గరా లేదు. మచ్చ కట్టిన స్వరతంత్రికి తిరుగులేని వైద్యం ఇవాళ్టికీ లేదు. శస్త్రచికిత్స గుబ్బను తీయగలదు, కారే నరాన్ని లేజరుతో మూయగలదు. పాడైన జిగట పొరను మాత్రం తెచ్చి పెట్టలేదు. ఆండ్రూస్ పిల్లల పుస్తకాలు రాసింది, సినిమాల్లో నటించింది, గౌరవంగా బతికింది. ఆ నాలుగు స్థాయిల గొంతు మాత్రం రికార్డుల్లోనే మిగిలింది.

దీనికి ఎదురు ఉదాహరణ నూట ఎనభై ఏళ్ల పైనాటిది. స్వీడన్ గాయని జెన్నీ లిండ్ ఇరవై ఏళ్లకే ఒపేరాల్లో ఎడతెరిపి లేకుండా పాడి గొంతు అరగదీసుకుని, 1841లో పారిస్‌లో గార్సియా దగ్గరికి వచ్చింది. అప్పటికింకా ఆయన తన అద్దాన్ని కనిపెట్టలేదు. ఈ గొంతు అరిగిపోయింది, ఆరు వారాలు పాట అనే మాట ఎత్తవద్దు, వీలైనంత తక్కువ మాట్లాడు అని పంపేశాడు. తిరిగొచ్చాక మొదటి నుంచి నేర్పాడు. 1850లో ఆమె అమెరికాకు వెళ్లింది. ప్రదర్శనల వ్యాపారి పి.టి. బార్నమ్ ఏర్పాటు చేసిన ఆ పర్యటనలో తొంభైకి పైగా కచేరీలు చేసింది. ఆరు వారాల మౌనం లేకపోతే ఆ పదేళ్ల పాట ఉండేది కాదేమో. మందూ లేదు, కత్తీ లేదు. ఆగమని చెప్పగల అధికారం ఉన్న మనిషి ఒకడు ఉన్నాడు, చెప్పాడు, ఆమె విన్నది.

పాడే పద్ధతి సరిగ్గా ఉంటే గొంతు ఎందుకు చెడుతుంది అన్నది సంగీతం తెలిసినవాళ్లు వేసే ప్రశ్న. ఇందులో నిజం ఉంది. ఊపిరి పట్టు తెలిసినవాళ్లు, అరవకుండా పైస్థాయి అందుకోవడం నేర్చినవాళ్లు ఎక్కువ కాలం నిలుస్తారు. అయినా పద్ధతి ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప తుడిచిపెట్టదు. జలుబు చేసినప్పుడు, జీర్ణాశయం నుంచి పులుపు పైకి తన్నినప్పుడు, నెలసరి ముందు నరాలు ఉబ్బినప్పుడు అదే పద్ధతితో పాడినా అదే గొంతు పలకదు. విమానంలో గాలి ఎడారి కన్నా పొడిగా ఉంటుంది. నిద్రవేళలు తారుమారవుతాయి. వచ్చిన ఊళ్లో మైకు సరిచూసుకోవాలి, విలేకరులతో మాట్లాడాలి, కచేరీ అయ్యాక హోరెత్తే విందులో అభిమానులతో గొంతెత్తి కబుర్లాడాలి. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. పాట వల్ల పడిన దెబ్బ అనుకునేదానిలో మాటల వాటా తక్కువేమీ కాదు. ఒపేరాలో ఏళ్లపాటు శిక్షణ పొంది, పద్ధతి విషయంలో వేలెత్తి చూపడానికి లేని నటాలీ డెస్సే వంటి గాయని కూడా స్వరతంత్రులకు రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకుంది. గొంతు చెడిందంటే విద్య లేదని తీర్పు చెప్పే అలవాటు మరో నష్టం కూడా చేస్తోంది. పేరు పోతుందన్న భయంతో గాయకులు దెబ్బను దాచి పాడతారు.

మా కాలంలో మైకులు కూడా లేవు, తెల్లవార్లూ పద్యాలు పాడేవారు, వన్స్ మోర్ అంటే మళ్లీ అందుకునేవారు అని మన పెద్దలు అంటారు. పద్యనాటకం నడిచిన ఊళ్లలో ఇది నిజంగా జరిగిన వైభవమే, నాకు దాని మీద ఎనలేని గౌరవం. కానీ మనకు గుర్తున్నవాళ్లు నిలిచినవాళ్లు. గొంతు బొంగురుపోయి రెండో ఏడాదికే వేషం మానుకున్నవాళ్ల పేర్లు ఏ కరపత్రం మీదా మిగల్లేదు. నిలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఏ పనైనా క్షేమమని తేల్చవచ్చు. నాటకంలో ఇంకో వెసులుబాటు కూడా ఉండేది. ఒకే పాత్రను అంకాల వారీగా ఇద్దరు ముగ్గురు నటులు పంచుకునేవారు. ఇద్దరు కృష్ణులు, ముగ్గురు హరిశ్చంద్రులు ఒకే రాత్రి కనబడటం మన ప్రేక్షకులకు కొత్త కాదు. దాన్ని జనాకర్షణ కోసం చేసిన ఏర్పాటుగానే చూస్తాం. గొంతు వైపు నుంచి చూస్తే అది బరువు పంచుకోవడం.

పాశ్చాత్య రంగస్థలం ఈ బరువు పంపకాన్ని నియమంగానే పాటిస్తోంది. ఒపేరా హౌసుల్లో ప్రధాన పాత్రకు మరో గాయకుడు సిద్ధంగా ఉంటాడు. పెద్ద పాత్ర పాడినవాళ్లకు ఒక ప్రదర్శనకూ మరోదానికీ మధ్య రెండు మూడు రోజుల ఎడం ఇవ్వడం మామూలు. బ్రాడ్‌వేలో ఎవీటా నాటకంలో ప్రధాన పాత్ర గొంతుకు మరీ భారమని మధ్యాహ్నపు ఆటలకు మరో గాయనిని పెట్టారు. ఫాంటమ్ ఆఫ్ ద ఒపేరాలో నాయిక పాత్రకూ అదే పద్ధతి. అక్కడెవరూ దాన్ని పిరికితనమనలేదు. పాప్ కచేరీకి వచ్చేసరికి ఈ ఏర్పాట్లన్నీ మాయమవుతాయి, ఎందుకంటే అక్కడ అమ్ముతున్నది ఒక మనిషి పేరు. అడెల్‌కు బదులు మరొకరు పాడితే వినడానికి ఎవరూ టికెట్ కొనరు. రికార్డుల అమ్మకాలు పడిపోయిన గత ఇరవై ఏళ్లలో గాయకుల రాబడికి టూరే పెద్ద ఆధారమైంది. మారు మనిషి లేని పనికి తేదీల మధ్య ఎడమైనా ఎక్కువుండాలి. జరుగుతున్నది దానికి తిరగబడి ఉంది.

నేను అన్నిటికంటే బరువైనదిగా ఎంచే అభ్యంతరం శ్రోతలదీ, పనివాళ్లదీ. దూరం నుంచి రైలెక్కి, హోటల్ గది తీసుకుని, నెలల ముందు టికెట్ కొన్న మనిషికి డబ్బు వెనక్కి వచ్చినా ఖర్చంతా రాదు, ఆ సాయంత్రం రాదు. వేదిక కట్టేవాళ్లు, దీపాలు చూసేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు, వాద్యకారులు రోజు లెక్కన బతికేవాళ్లు. ఒక గొంతు ఆగితే ఇన్ని ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం పడుతుంది. ఇది ఊహించుకున్న నష్టం కాదు. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆరోగ్యమే ముఖ్యం అనేస్తే మాట తేలిక. కానీ ఈ అభ్యంతరాన్ని చివరిదాకా ఆలోచిస్తే అది నా వాదనకే బలమిస్తుంది. ఇంతమంది జీవిక ఒక్క జత మడతల మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ మడతలు ఏడాదంతా ఒక్కరోజూ చెడవన్న నమ్మకంతో తేదీలు వేయడం ఎవరి శ్రేయస్సు కోరి? పంట వేసేవాడికి వాన రాకపోవచ్చని తెలుసు గనక బీమా ఉంది. కచేరీ రద్దయితే నష్టం భర్తీ చేసే బీమా కూడా ఉంది, పెద్ద టూరులు తీసుకుంటాయి. దాని సొమ్ము రోజుకూలీ పనివాళ్ల దాకా చేరేలా రాసుకోవచ్చు. తేదీల పట్టికలో ఖాళీ వారం ఒకటి ముందే వదిలితే, ఆగిన కచేరీ ఆ వారంలోకి జరుగుతుంది. ఈ రెండూ లేకుండా, రద్దయితే ఇంతమంది నష్టపోతారు, కాబట్టి పాడు అని ఒక గాయకురాలికి చెప్పడం అందరి బాధ్యతనూ ఒక్క గొంతు మీద దించడమే. పైగా ఆ రాత్రి పాడించి తర్వాత ఆరు నెలలు ఆమె పాడలేకపోతే అదే పనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు నష్టపోతారు.

గొంతులో దెబ్బ ఉన్న ప్రతివాళ్లూ మానేయాలని నేననడం లేదు. ఏ ఇబ్బందీ లేకుండా పాడుకుంటున్న గాయకులను పరీక్షించినా చిన్న చిన్న బుడిపెలు, వాపులు కనబడుతుంటాయని వైద్యులకు తెలుసు. జీర ఉన్న గొంతునే జనం ప్రేమించిన గాయకులున్నారు, ఆ జీరను తీసేస్తే వాళ్లు వాళ్లే కారు. దేనితో పాడవచ్చు, దేనితో పాడకూడదు అన్నది చూసి చెప్పగలిగినవాళ్లు చెప్పాలి అన్నంతవరకే నా మాట. అమెరికన్ రాక్ గాయకుడు జాన్ బాన్ జోవి 2022 ఏప్రిల్‌లో టూరు చేసినప్పుడు గొంతు పట్టు తప్పడం అభిమానులకే వినబడింది. పరీక్షిస్తే ఒక స్వరతంత్రి క్షీణిస్తోందని తేలింది. ఆ ఏడాది జూన్‌లో దాన్ని రెండోదానికి దగ్గరగా జరిపే శస్త్రచికిత్స చేయించుకున్నాడు. రాత్రికి రెండున్నర గంటలు, వారానికి నాలుగు రాత్రులు పాడగలనని తేలేదాకా టూరుకు వెళ్లనని తర్వాత బాహాటంగా చెప్పాడు. ఎన్ని రాత్రులు, ఎన్ని గంటలు అని కొలతతో మాట్లాడిన ఆ పద్ధతి నాకు నచ్చింది. బాగానే ఉన్నాను అనే మాట కన్నా అది ఎంతో నిజాయితీ గల మాట.

అడెల్ కూడా తన పని తీరు మార్చుకుంది. 2022 నవంబరు నుంచి 2024 నవంబరు దాకా లాస్ వెగాస్‌లో ఒకే హాలులో, సుమారు నాలుగు వేల మంది ముందు, వారాంతంలో రెండే రాత్రులు పాడింది. ఊళ్లు తిరగడం లేదు, జనమే వచ్చారు. 2024 ఫిబ్రవరి చివర గొంతు చెడిందని డాక్టర్లు చెబితే మార్చి నెల కచేరీలు పది వాయిదా వేసి, ఏడాది చివర్లో పాడింది. ఆ ఆగస్టులో మ్యూనిక్‌లో ఆమె కోసమే కట్టిన భారీ వేదిక మీద నెల మొత్తంలో పది కచేరీలు చేసింది, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. దీనిమీద ఒక న్యాయమైన విమర్శ ఉంది: అంత పేరూ డబ్బూ ఉన్నవాళ్లకు ఇది చెల్లుతుంది, ఒక్క కచేరీ పోతే ఆ నెల అద్దె కట్టలేని గాయకుడి మాటేమిటి, పైగా శ్రోతే విమాన ఖర్చు పెట్టుకుని రావాలి కదా అని. నిజమే. లాస్ వెగాస్ నమూనా అందరికీ కాదు. కానీ దాని వెనకున్న సూత్రానికి అంత డబ్బు అక్కర్లేదు: రెండు రాత్రులు పాడితే కొన్ని రోజుల ఎడం, ఆగితే మళ్లీ పెట్టుకోవడానికి ఖాళీ తేదీ, డాక్టరు మాటే ఆఖరిమాట.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. ఏటా వేసవిలో తెలుగు సినీ గాయకులు అమెరికా వెళ్తారు. తెలుగు సంఘాల వేడుకల్లో, వారాంతాల్లో, ఒక ఊరి నుంచి మరో ఊరికి విమానాల్లో తిరుగుతూ పాడతారు. శుక్రవారం ఒక చోట, శనివారం మరో చోట, ఆదివారం ఇంకోచోట. వేళల తేడాతో నిద్ర ఉండదు. కచేరీకి ముందు ఇంటి భోజనాలు, తర్వాత ఫొటోలు, కబుర్లు. అభిమానంతోనే అడుగుతాం, ఇంకొక్క పాట అని. పేరున్నవాళ్లు కాదనగలరు. కోరస్ పాడటానికి వెళ్లిన కుర్రవాడు, టీవీ పోటీలో గెలిచి తొలిసారి విమానమెక్కిన అమ్మాయి కాదనలేరు. వాళ్లకు ఆ టూరు డబ్బే ఏడాది ఆధారం. పిలిచే సంఘాలు ఒప్పంద పత్రంలో మూడు సంగతులు రాయగలవు. వరసగా మూడు రాత్రులు పాడించకూడదు. గొంతు పోతే స్థానిక చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూస్తారు, ఆ ఖర్చు సంఘానిది. డాక్టరు ఆపమంటే ఆ రాత్రి పాడకపోయినా పారితోషికంలో ఫలానా భాగం అందుతుంది. వైద్య వృత్తిలో ఉన్న తెలుగువాళ్లు అమెరికాలో ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నారు కాబట్టి రెండో షరతు నెరవేర్చడం అన్నిటికన్నా సులువు. మూడోదానికే ఎక్కువ బేరం నడుస్తుంది. ఆ భాగం ఎంతన్నది గాయకులూ నిర్వాహకులూ కూర్చుని తేల్చుకోవాలి, అదీ విమానం టికెట్లు కొనకముందు.